సాలమోను గారి మార్కులు

గుయ్…

కొబ్బరి పొత్తు విచ్చుకుని పూత బయటపడ్డప్పుడు తేనెటీగలు చేరి చేసే చప్పుడు. అలాంటి చప్పుడే మా నడవగదిలో. పొద్దస్తమానం.

బయట కొబ్బరాకులు గాలికి కదిలితే వానొచ్చిందనుకుని బట్టలు తియ్యడానికి పరిగెత్తేదాన్ని. వాన కాదు. లోపలికొస్తే మళ్ళీ ఆ గుయ్…

అది కంప్యూటర్. నా సవతి.

ఆయన ఎదుటే అనేదాన్ని ఆ మాట. నవ్వేవారు.

ఆయన — సాలమోను గారు, నా భర్త. అల్లవరం బళ్ళో లెక్కల మాస్టారు. నేను అదే బళ్ళో తెలుగు చెప్పాను. తోటి మాస్టార్లు చేపల చెరువులు తవ్వించుకుంటుంటే, ఈయన కంప్యూటర్ కొనుక్కొచ్చుకున్నారు. దానికి తిండి పెట్టక్కర్లేదన్నారు. కరెంటు బిల్లు వచ్చాక తెలిసింది, అదేం తింటుందో.

ఎక్కడో దూరదేశంలో శాస్త్రవేత్తలున్నారట. ఏ మందు ఏ రోగాన్ని పట్టి ఆపుతుందో లెక్కలు కడుతున్నారట. ఆ లెక్కలకి వాళ్ళ యంత్రాలు చాలవట. అందుకని లోకంలో ఎవరింట్లో కంప్యూటర్ ఊరికే ఉంటే వాళ్ళకి తలో కాస్తా పంచిపెడతారు. ఊరికే చేసిపెట్టాలి. చేసి పంపినందుకు క్రెడిట్ అని ఓ అంకె వేస్తారు.

ఆయన దాన్ని మార్కులనేవారు. మాస్టారు బుద్ధి ఎక్కడికి పోతుంది.

ఆ మార్కులకి ఎండుకొబ్బరి చిప్ప కూడా రాదు.

"మరెందుకండీ ఈ యాతన?" అన్నాను ఒకసారి.

"మా అమ్మ ఏ జబ్బుతో పోయిందో ఎవరూ చెప్పలేదు పుష్పా" అన్నారు.

అంతే. ఆ తర్వాత కరెంటు బిల్లు ఊసెత్తలేదు… ఒక రెండు నెలలు.

ఓడలరేవు వైపు నుంచి వచ్చే ఉప్పుగాలికి దాని స్క్రూలు తుప్పు పట్టేవి. కొబ్బరినూనె గుడ్డతో తుడిచేవారు. ఎండాకాలం దాని పక్క రేకు విప్పి టేబుల్ ఫ్యాను దానికి తిప్పేవారు. మాకు విసనకర్ర.

ఉరిమితే చాలు, అన్నం ముందునుంచి ఎంగిలి చేత్తో లేచేవారు. ఎడంచేత్తో ప్లగ్గు పీకేవారు.

ముసురు రోజుల్లో ఆయన పోయారు.

తర్వాత ఒక సాయంత్రం ఉరిమింది. ప్లగ్గు పీకే మనిషి లేరు.

పిడుగు ఎవరి తోటలోనో పడింది. మా నడవగదిలో చప్పుడు ఆగిపోయింది.

సవతి కూడా పోయింది. ఆయన పోయిన రోజు చుట్టాల మధ్య సరిగ్గా ఏడవలేదు నేను. ఆ సాయంత్రం ఏడ్చాను.

మా అమ్మాయి కరుణ అమలాపురంలో ప్రభుత్వ ఆఫీసులో పనిచేస్తోంది. నా బాధ చూడలేక కొత్త కంప్యూటర్ తెచ్చింది. ఆ శాస్త్రవేత్తల పేజీ తెరిచి చూపించింది. ఆయన పేరు ఉంది. సాలమోను, అల్లవరం. పక్కన మార్కులు — ఇన్నేళ్ళవీ.

చూడొచ్చు. లోపలికి వెళ్ళలేం. పాస్‌వర్డ్ పాత యంత్రంతోపాటే కాలిపోయింది. కొత్తది పంపమంటే ఆయన పాత మెయిల్‌కి పంపుతారట. ఇంటికి నెట్ కనెక్షన్‌తోపాటు ఆ మెయిల్ ఇచ్చిన అమలాపురం ఆఫీసు ఎప్పుడో మూసేశారు. ఇప్పుడక్కడ బిర్యానీ అమ్ముతున్నారు.

పైగా ఒక కబురు. పాత ఖాతాల్లోకి నెలాఖరులోగా ఎవరూ రాకపోతే చెరిపేస్తారట.

చెరిపేస్తారట… ఆ టేబుల్ ఫ్యానునీ, ఆ ఎంగిలి చేతినీ.

కరుణ వాళ్ళకి రాసింది. జవాబొచ్చింది. మంచివాళ్ళే పాపం. మరణ ధ్రువపత్రం పంపండి, ఖాతా మీకు అప్పగిస్తాం, ఆయన పేరూ మార్కులూ అలాగే ఉంచుతాం అన్నారు.

ధ్రువపత్రం ఉంది. అందులో పేరు సూరయ్య.

మా వాళ్ళలో ఇది కొత్తేం కాదు. బళ్ళో ఒక పేరు, గుళ్ళో ఒక పేరు. బళ్ళో వేసినప్పుడు సూరయ్య. బాప్తిస్మం ఇచ్చినప్పుడు సాలమోను. ఉద్యోగం, జీతం, పింఛను… అన్నీ సూరయ్యవి. ఇంట్లో, గుళ్ళో, నా నోట్లో సాలమోను. రెండూ ఒకచోట రాసిన కాగితం ఏదీ లేదు. ఉండకూడదు కాబట్టే లేదు. ఎందుకని మాలో ఎవరూ ఎవరినీ అడగరు.

ఆయన అక్కడ మాత్రం సొంత పేరు రాసుకున్నారు. ఆ దూరదేశంలో ఎవరడుగుతారని.

ఇప్పుడు అడుగుతున్నారు.

శ్యామ్ బాబు గారు ఆయన పిన్నికొడుకు, వకీలు. వెళ్ళి అడిగాం. కళ్ళజోడు తీసి బల్లమీద పెట్టేరు.

"ఇద్దరూ ఒకరేనని కాగితం రాయడం నాకెంతసేపండీ, వదినగారూ. రాసేస్తానండి. రేపు గిట్టనివాడెవడో దాన్ని పట్టుకుని అమ్మాయి ఆఫీసులో అర్జీ పడేస్తేనో? అమ్మాయి సర్టిఫికెట్లన్నీ, కులం సర్టిఫికెట్టుతో సహా, సూరయ్య కూతురుగానే కదండీ ఉన్నాయి. అన్నీ తవ్వుతారండి. ఆనక నన్నేం చెయ్యమంటారు?"

"ఆయ్" అన్నాను.

"పర్లేదమ్మా, రాయించేద్దాం" అంది కరుణ. "నాన్నగారి కోసం కదా."

"ఉద్యోగం నీదే. నిన్ను కన్నది నేను. వద్దంటే వద్దు" అన్నాను. లేచి బయటికొచ్చేశాను.

చేతులు కట్టేసినట్టుంది… కట్టింది ఎవరో తెలిస్తే కనీసం తిట్టేదాన్ని.

కరుణ ఊరుకోలేదు. సమాధుల తోటకి వెళ్ళి ఆయన రాయిని ఫోటో తీసింది. సాలమోను, ప్రభువునందు నిద్రించిరి. నల్లరాయి మీద తెల్లటి అక్షరాలు. ఆ పేజీ కాక, ఆయన సొంత పేరు అందరికీ కనబడేలా ఉన్నది అక్కడే. అది పంపింది.

జవాబొచ్చింది. మీ దుఃఖం మాకు అర్థమైంది, కానీ రాయి చెల్లదు, ప్రభుత్వం ఇచ్చిన పత్రమే కావాలి అన్నారు. ఎంత మర్యాదగా రాశారో. ఆ మర్యాద చూస్తే ఒళ్ళు మండింది.

నెలాఖరు వచ్చేసింది. ఆఖరి సాయంత్రం. మబ్బు పట్టింది.

"పోనీ కొత్త ఖాతా తెరుద్దామమ్మా" అంది కరుణ. "సున్నా నుంచి. ఏం పేరు పెట్టను?"

"ఇంకేం పేరు. మీ నాన్నగారిదే."

కొట్టింది. సాలమోను, అల్లవరం.

తెర మీద ఎర్రటి అక్షరాలొచ్చాయి. కరుణ చదివి కీబోర్డు మీంచి చేతులు తీసేసింది.

"ఏమంటోందే?"

"ఈ పేరుతో ఇప్పటికే ఒకరు ఉన్నారంటోందమ్మా."

ఉన్నారు.

ధ్రువపత్రం పోయారంది. రాయి నిద్రించిరంది. ఇదొక్కటే… ఉన్నారంది.

తన పేరు మీద ఇంకెవరినీ కూర్చోనివ్వకుండా, తానే కూర్చున్నారు. ఎంత మొండి మనిషో నాకు తెలుసు.

"రేపు పెడితే తీసుకుంటుందమ్మా" అంది కరుణ, గొంతు తగ్గించి. "రేపటికి ఆ పేరు ఖాళీ అవుతుంది."

కరుణ లేచి వెళ్ళి మొహం కడుక్కుంది.

బయట కొబ్బరాకులు కదిలాయి. వాననుకున్నాను. ఈసారి వానే.

ఉప్పలగుప్తం వైపు ఎక్కడో ఉరిమింది.

లేచి వెళ్ళి ప్లగ్గు పట్టుకున్నాను. ఎడంచేత్తో. పీకాలి. పీకకపోతే ఇదీ కాలిపోతుంది. పీకితే తెర ఆరిపోతుంది, ఆ మాట పోతుంది… ఉన్నారన్న మాట.

మళ్ళీ ఉరిమింది. ఇంకాస్త దగ్గరగా.

ప్లగ్గు పట్టుకునే నిలబడ్డాను.

గుయ్…