తప్పిపోయే చోట్లు

యుద్ధం రోజులు. రైలు బండ్లకు వేళాపాళా లేదు. పక్క ఊళ్లో కలరాకు ముగ్గురు పోయారు. సూదులేసే కుప్పుస్వామి పాకాల స్టేషన్‌లో దిగి, చేతిలో పటం ఉండి కూడా ఊరు దొరక్క వెనక్కి పోయాడు. ఈ వారంలోనే ఏదో ఒక బండికి మళ్లీ వస్తానని, ఆ తర్వాత మందు మిగలదని కబురు పెట్టాడు.

ఆ పటం గీసింది బడి అయ్యవారు మునిరామయ్య. ఉత్తరం పైకి పెట్టి, ప్రతి చేనుకూ సర్వే నంబరు వేసి, వంకలకు నీలం రంగు పూసి మురిసిపోయాడు. "పటం సూడటం రానోడికి సూదిచ్చి పంపినారే!" అని రెండు రోజులుగా ఒకటే గొణుగుడు. లోపల మాత్రం ఒకటే భయం. బడినిండా పిల్లలు, ఇంట్లో మూడేళ్ల కూతురు.

భార్య మునిలక్ష్మికి అక్షరం ముక్క రాదు. మజ్జిగ కుండ నెత్తిన పెట్టుకుని స్టేషన్లో అమ్ముకొచ్చే మనిషి. పటాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది.

"దీంట్లో స్టేషను యాడుండాది?"

"ఇదిగో, పైన."

"అయితే ఆయప్ప పైనుంచి కిందికి నడవాల్నా? కుడిచేతి పక్కనుండే వంక కాగితంలో ఎడమకు పోయిందే!"

మునిరామయ్య కాగితాన్ని తలకిందులుగా తిప్పి చూశాడు.

"ఇన్ని చేన్లు ఎందుకు? తెలిసినోళ్లకు పటంతో పనేముండాది? కొత్తోడు తప్పిపోయే చోట్లు మూడే. అవి గీయి, సాలు."

ఆమె చెబుతుంటే ఆయన గీశాడు. స్టేషను అడుగున, ఊరు పైన. రైలు గేటు దాటినాక కుడిబాట. ఇటుక బట్టీ కాడ ఎడమకు. ఎద్దులు నీళ్లు తోడే కపిల బావి కాడ తిరగొద్దు, నేరుగా.

"ఈతచెట్లు కనపడితే దోవ తప్పినట్టే, ఎనక్కి రావల్ల. అదీ పెట్టు."

మిగతా కాగితం బోసిగా ఉంది. అంత పనిమంతుడికి అది చూస్తే ప్రాణం ఉసూరుమంది. అయినా మరునాడు, కుప్పుస్వామి దిగితే ఇమ్మని, ఆమె చేతికే ఇచ్చి స్టేషను మాస్టరుకు పంపాడు.

మూడోనాడు పొద్దు వాలకముందే కుప్పుస్వామి నేరుగా బడి ముందుకొచ్చి నిలబడ్డాడు. ఊరంతా చేతులు చాచింది. సూది పడగానే కూతురు గుక్కపట్టి ఏడుస్తుంటే మునిరామయ్యకు ఎంత హాయిగా అనిపించిందో!

"అయ్యవారూ, ఇట్లాంటివే పక్క నాలుగూర్లకూ గీసిస్తారా?" అని అడిగాడు కుప్పుస్వామి.

అందరూ అయ్యవారి వైపే చూశారు. ఔననేస్తే సరిపోయేది.

"గీసే చెయ్యి నాదే అబ్బా, తెలివి నాది కాదు."

నలుగురిలో భార్యను పేరు పెట్టి పిలవడం ఆ ఊళ్లో ఏ మగాడికీ అలవాటు లేదు. ఆడవాళ్ల గుంపు వైపు తిరిగి గట్టిగానే పిలిచాడు.

"మునిలక్ష్మీ! ఇట్లా రా. నిన్నే అడగతా ఉండాడు."