ధోళీ కడుపులో వంటావార్పు

జగన్‌కు ఫోన్‌లో వినిపించింది సగం మాటే. మిగతా సగాన్ని గూడూరు గాలి మింగింది. తండాలో సిగ్నల్ దొరకాలంటే నీళ్ల ట్యాంకు నిచ్చెన ఎక్కాలి. అతను సగం మెట్లెక్కి ఆగాడు, మాట కూడా సగంలోనే ఆగింది.

"రేపు మీ తండల... రణ సభ పెడదామన్నా, అందర్ని పిలువుండ్రి" అన్నది అవతల శ్రీలత.

అవి సకల జనుల సమ్మె రోజులు. బస్సులు బంద్, బడులు బంద్, ఆఫీసులు బంద్, నోరొక్కటే ఖుల్లా. అట్లాంటి రోజుల్లో రణమంటే ఏం రణమని అడిగేదెవరు? జగన్ తండాలో ఉద్యమానికి ముందు నడిచే మనిషి, అతని గొంతు అతనికన్నా ముందు నడిచేది. దిగినవాడు దిగినట్టే ఆటోకు మైకు కట్టి చుట్టుపక్కల ఊళ్లన్నీ తిరిగాడు. "రేపు మన తండల రణ సభ! జెండాలతోని రాండ్రి, డప్పులతోని రాండ్రి!"

ఆ కేక గంగి చెవిన పడింది గానీ తలకెక్కలేదు. ఆమె రణం ఆమె కొట్టంలోనే ఉంది. ధోళీ అంటే వాళ్ల భాషలో తెల్లది. తల్లి చచ్చిపోతే గంగి చేతి గంజి తాగి బతికిన ఆవు. ఇప్పుడు దాని ఎడమ డొక్క డప్పులా ఉబ్బింది. గడ్డి ముట్టదు, నెమరు వేయదు.

"పసుల డాక్టరు సమ్మెల ఉన్నడు, దవాఖానకు తాళం. ఇగ బతకదే. ఆశ ఇడిసిపెట్టు" అన్నాడు మొగుడు పూల్‌సింగ్.

"నువ్వు జరమొచ్చి మంచంల పడ్డనాడు నిన్ను ఇడిసిపెట్టిన్నా? నీకన్న నయం, ఇది పాలిస్తది."

పూల్‌సింగ్ తలపాగా చుట్టుకొని బయటికి నడిచాడు. ఈ లెక్కలో అతను ఎప్పుడూ గెలవలేదు.

తెల్లారేసరికి తండా నిండా జెండాలే. సమ్మె టెంటులో కూర్చునే ఉద్యోగులంతా కట్టగట్టుకొని వచ్చారు. వాళ్లలో నెల్లికుదురు మనిషి, పశువుల డాక్టరు జోసెఫ్ కూడా ఉన్నాడు. గంగి అతణ్ని దూరం నుంచే కనిపెట్టి, పలుపు విప్పడానికి కొట్టంలోకి పరుగెత్తింది.

ఇంతలో ట్రాక్టరు మీంచి శ్రీలత దిగింది. లింగాల ఘనపూర్ ఆమెది. మానుకోట చుట్టుపక్కల తండాలు తిరిగి మట్టి గురించి, నీళ్ల గురించి, చెత్త గురించి పాఠాలు చెబుతుంటుంది. ఆమె పాఠానికి నలుగురు ఆడవాళ్లు, ఒక కుక్క వస్తే పండగ. ఇవాళ జనాన్ని చూసి, చంకలో మోదుగాకుల కట్ట జారిపోబోతే పట్టుకుంది.

"ఏందన్నా, గింతమందా!"

"రణమంటే గిట్లనే ఉంటదక్కా. షురూ చెయ్యి!" అని జగన్ మైకు చేతిలో పెట్టాడు.

శ్రీలత గొంతు సవరించుకుంది. "మనం తిని పారేసిన ప్లాస్టిక్ ప్లేట్లు ఎటు పోతయో ఎవరన్న చూసిండ్రా?"

డప్పులవాళ్లు పుల్లలు పక్కన పెట్టారు. జెండా కర్ర పట్టుకున్న పెద్దమనిషి లేచాడు. "గా చెత్త సంగతి తెలంగాణ వచ్చినంక ఊడ్సుకుందం. రణం సంగతి చెప్పు బిడ్డా!"

"వచ్చిన తెలంగాణల మట్టి ఉండద్దా బాపూ?"

ప్రశ్న బాగుంది, జనం మాత్రం కదిలారు. బీడీలు వెలిగాయి. జోసెఫ్ కూడా తువ్వాల దులిపి భుజాన వేసుకున్నాడు. అతను పోతే ధోళీ పోయినట్టే. గంగి ఆవును తోలుకొచ్చి నడిమధ్యన నిలబెట్టింది.

"డాక్టరు సారూ, జర చూడుండ్రి."

"సమ్మెల ఉన్నం అవ్వా. నేను సూది పట్టిన్నంటే రేపు ఇంకొకడు పెన్ను పడతడు."

"మీ సమ్మె సర్కారు మీద. నా ధోళీ సర్కారా?"

ఎవరో కిసుక్కుమన్నారు. గంగి నవ్వలేదు. "మొన్న చౌరస్తల వంటావార్పు నాడు పొయ్యి కాడ కూసొని రొట్టెలు కాల్చిన. నువ్వు తిన్నవు. ఇంకొకటెయ్యి అవ్వా అన్నవు. ఒక్క పొయ్యి మీది కూడు తిన్నోళ్లం, ఒకల కష్టం ఒకలది గాదా?"

రోడ్డు మీద అందరూ కలిసి వండుకు తినడం సర్కారుకు చూపించడానికేనని జోసెఫ్ అనుకున్నాడు. గంగి దాన్ని బంధుత్వమనుకుంది. అతను తువ్వాల మళ్లీ తీసి నడుముకు కట్టుకున్నాడు.

"దవాఖాన తాళం తియ్య. నా సొంత సంచి బండి మీద ఉన్నది. చేతులకైతే తాళం లేదు. వేపచెట్టుకు కట్టుండ్రి."

మత్తు సూది వేసి, ఎడమ డొక్క కోసి, భుజం దాకా చెయ్యి దూర్చాడు. ముందు ఒక కవరు వచ్చింది, దాని తోక పట్టుకొని ఇంకో కవరు, తాళ్లు, ఆ వెనక నలిగిన ప్లేటు ముక్కలు. శ్రీలత ఒక్కొక్కటి కడిగి గోనెపట్టా మీద పరుస్తూ పోయింది. ఒక ముక్క మీద అక్షరాలు కనిపించాయి. 'జై తె' అని ఉంది. మిగతాది ఆవు నమిలేసింది.

ఆ ప్లేట్లు అందరూ ఎరిగినవే. జగన్ మొన్నటి వంటావార్పు కోసం ఓరుగల్లు నుంచి ప్రత్యేకంగా అచ్చేయించి తెచ్చాడు. ఇప్పుడతను పోయి మైకు బంద్ చేశాడు.

"జై అనుకుంట నా ఆవు కడుపుల జెండా పాతినవు గదరా బిడ్డా!" అన్నది గంగి. ఆ ముక్కను చేతిలోకి తీసుకొని మళ్లీ తనే అన్నది. "నేను సుత చూసిన. ఆనాడు ధోళీ ఎంగిలి ప్లేట్ల కుప్ప కాడ నిలవడ్డది. సాంబారన్నం దొరికిందేమో, తిననీ అనుకున్న."

"నేను తిన్న ప్లేటు సుత గిండ్లనే ఉండొచ్చు" అన్నాడు జోసెఫ్, తల ఎత్తకుండా కుట్లు వేస్తూ. ఊరందరి తప్పునూ కడుపులో పెట్టుకున్నది ఆ నోరులేని జీవమే.

జనం ఇక కదల్లేదు. ఆవు సంగతి తేలేదాకా పోబుద్ధి కాలేదు. జగన్ వచ్చి శ్రీలత ముందు కూలబడ్డాడు. "వచ్చే వంటావార్పుకు విస్తర్లే అక్కా. ఉద్యమం విస్తరించాలంటే విస్తరే దిక్కు. ఎట్ల కుట్టాల్నో చూపెట్టు."

మోదుగాకులు పరిచారు, ఈనెపుల్లలు చీల్చారు. డప్పులవాళ్లూ కూర్చున్నారు. జగన్ కుట్టిన మొదటిదాన్ని గంగి ఎండకెత్తి చూసింది.

"గిది విస్తరి గాదు బిడ్డా, జల్లెడ. గిండ్ల సాంబారు పోస్తే నీ లాగు తింటది."

పొద్దు గుంకే యాళ్లకు ధోళీ మూతి గడ్డి వైపు సాచింది. తర్వాత దవడ ఒకసారి పక్కకు జరిగింది, ఆగింది, మళ్లీ జరిగింది. గంగి దాని మెడ మీద చెయ్యేసి అట్లాగే నిలబడిపోయింది. పూల్‌సింగ్ దగ్గరికొచ్చి, "పాలిచ్చేదే గెలిచింది" అన్నాడు.

అప్పుడు జెండా పెద్దమనిషికి గుర్తుకొచ్చింది. "అంత మంచిగనే ఉన్నది గని, రణమెప్పుడురా?"

జగన్ మైకు అందుకున్నాడు. "ఇప్పుడే అక్కను అడిగిన. ఆమె ఫోన్ల అన్నది పర్యావరణ సభ అనంట. నిచ్చెన మీద నాకు రణ సభ అనే ఇనవడ్డది. మాఫ్ చెయ్యుండ్రి!"

డప్పు మోగినంత నవ్వు. "పర్యావరణమంటే ఏంది మల్ల?" అన్నారెవరో.

"మన సుట్టు ఉన్నదంత" అన్నది శ్రీలత. "మట్టి, నీళ్లు, అడివి, గీ ధోళీ, మనం."

గంగి ఆ మాటను నెమ్మదిగా నెమరేసింది. "పర్యా... ఆవు... రణం. పిలగాడు మరీ తప్పేం ఇనలే. రణం ఇన్నడు, ఆవునొక్కదాన్నే ఇడిసిపెట్టిండు."