అందరితో పాటు ఒక ఊ

అన్నయ్య తలుపు తట్టగానే లోపల కుట్టుమిషను టక్కున ఆగిపోయింది. కిటికీ తెర అంచు కాస్త కదిలింది.

"ఎవరూ?"

"పులిని! తియ్యవే తల్లీ, చేతులు పడిపోతున్నాయి," అన్నాడతను, గుడ్డల మూట మోస్తూ.

ముందు గడియ, తర్వాత తాళం, చివరికి గొలుసు తీసింది చెల్లెలు. "బ్యాంకుకి కూడా ఇంత కాపలా ఉండదే!" అని నవ్వాడు. ఆవిడ నవ్వలేదు. చదువుతున్న మీరూ నవ్వకండి. కొట్టే మొగుణ్ణి వదిలేసి, కూతుర్ని చంకనేసుకుని ఊరు మారిన మనిషి వేసుకున్న గడియలవి.

ఆవిడ పసిపిల్లల గౌన్లు కుట్టి, చిన్న వెబ్‌సైటు పెట్టి అమ్ముకుంటోంది. సైటుకి పేరు కొనుక్కోవాలంటే అసలు పేరూ, అసలు చిరునామా ఇచ్చి తీరాలి. ఇచ్చింది. ఇప్పటికి అవి ఎవరికీ కనబడవు గానీ, ఎప్పుడు బయటపడతాయోనన్న దిగులు ఆవిడది.

"అన్నయ్యా, మీ సభలో దాని గురించే మాట్లాడతారటగా? నా అడ్రసు బయటికి రాదుగా?"

"నేనున్నానుగా! నువ్వు హాయిగా కుట్టుకో," అన్నాడు.

అన్నయ్య ఆచార్యుడు. ఇంటర్నెట్టు నియమాలు ఎలా ఉండాలో పరిశోధించే ఒక బృందంలో పనిచేస్తాడు. కంపెనీలూ, ప్రభుత్వాలూ, ఇంజినీర్లూ కూర్చుని ప్రపంచమంతటికీ నియమాలు రాసే సభలకి ఇలాంటి బృందాల్ని కూడా పిలుస్తారు. వీళ్ళకి అమ్ముకునే సరుకూ లేదు, ఏలుకునే రాజ్యమూ లేదు కాబట్టి ఉన్నదున్నట్టు చెప్తారని నమ్మకం. అది చిన్న నమ్మకం కాదండీ.

దొంగ దుకాణాల్ని పట్టుకోవాలంటే సైటు యజమానుల చిరునామాలు అందరికీ కనబడాలని ఆ బృందం రాసింది. మామూలు మనుషుల ఇళ్ళ చిరునామాలైనా దాచాలని అన్నయ్య నసిగాడు. "ముందు మన మాట నెగ్గనివ్వవయ్యా, మినహాయింపులు తర్వాత చూసుకుందాం," అన్నారు బృందం పెద్దసారు.

ఆ సభలో చేతులెత్తడం ఉండదు. ఒప్పుకున్నవాళ్ళు పెదవి కదపకుండా ఊ కొడతారు, కథ వింటున్న పిల్లల్లాగే. ఏ పక్క చప్పుడు పెద్దదైతే ఆ పక్కే నిర్ణయం. ఎవరు కొట్టారో ఎవరికీ తెలియదు.

"టీకి లేచేముందు ఒక్క మాట," అంది అధ్యక్షురాలు. "చిరునామాలు అందరికీ కనబడాలనేవాళ్ళు?"

హాలంతా ఊ అని మోగింది. పెద్దసారు మోచెయ్యి ఇతని మోచేతికి తగులుతోంది. ఊరుకుంటే సరిపోయేది, ఎవరూ గమనించేవారు కూడా కాదు. అయినా అతనూ ఊ కొట్టాడు.

"వద్దనేవాళ్ళు?"

వెనకెక్కడో ఒకే ఒక సన్నటి గొంతు ఊ అంది. జనం నవ్వుకున్నారు. సిగ్గుచేటు, అతనూ నవ్వాడు.

చెల్లెలికి చెప్పాలనుకున్నాడు. చెప్తే 'నువ్వెందుకు ఒప్పుకున్నావు?' అంటుంది. ఇవాళా రేపూ అంటూ రోజులు నెట్టాడు. ఈలోగా నియమం అమలులోకి వచ్చేసింది. ఆవిడ పేరు కొట్టి వెతికితే చాలు, ఇంటి చిరునామా కనబడుతుంది.

ఒక ఉదయం ఆవిడ తలుపు ఎవరో తట్టారు. "ఎవరూ?" అంటే "పార్సెలు" అని సమాధానం. గొలుసు తీయకుండానే తలుపు ఓరగా తెరిచింది. ఎదురుగా ఆ మొగుడు! మూసేయబోతే తలుపు మీద తన్నాడు. గొలుసు తెగలేదు, ఇరుగుపొరుగు పరిగెత్తుకొచ్చారు, ప్రాణం దక్కింది. కానీ కుడిచేతి వేళ్ళు తలుపు సందులో నలిగిపోయాయి.

ఆసుపత్రి మంచం పక్కన అన్నయ్య తల ఎత్తలేకపోయాడు.

"వాడికెలా తెలిసిందన్నయ్యా? నువ్వున్నావుగా అక్కడ?"

సభ నిర్ణయమమ్మా అనే మాట నాలిక చివరిదాకా వచ్చింది. మింగేశాడు. "ఉన్నాను. అడిగారు. నేనూ ఊ కొట్టాను."

"ఒక్కళ్ళైనా వద్దనలేదా?"

"ఒక్కళ్ళన్నారు. మేమంతా నవ్వాం."

ఆవిడ గోడవైపు తిరిగి పడుకుంది. నాలుగు తిట్లు తిట్టినా బాగుండునని అతనికి అనిపించింది.

తర్వాతి సభలో అతను లేచి నిలబడి, ముందుగా తన పేరు గట్టిగా చెప్పాడు. "పోయినసారి నేను కూడా ఊ కొట్టాను. దానివల్ల నా చెల్లెలి చేతి వేళ్ళు నలిగిపోయాయి. ఈ హాల్లో కూర్చోలేనివాళ్ళ తరఫున అడుగుతామనే కదా మాలాంటి పరిశోధకుల్ని పిలుస్తున్నారు? నేను అడగలేదు. నా పక్కనున్నవారికి కోపం వస్తుందని భయపడ్డాను. ఆ తప్పు నాది. నియమాన్ని మళ్ళీ విచారించండి." పెద్దసారు మొహం తిప్పుకున్నారు. ఈసారి ఎవరూ నవ్వలేదు. విచారిస్తామని మాత్రం అన్నారు.

ఆ కబురు పట్టుకుని చెల్లెలి కొత్త ఇంటికి వెళ్ళాడు. లోపల కుట్టుమిషను చప్పుడు లేదు.

"ఎవరూ?"

పులినని అనలేకపోయాడు. "నేనేనమ్మా."

ఎడమచేత్తో గడియలు ఒక్కొక్కటీ తీయడానికి ఆవిడకి చాలాసేపు పట్టింది. చెప్పిందంతా విని, కట్టు కట్టిన చెయ్యి ఒళ్ళో పెట్టుకుని నెమ్మదిగా అంది:

"మంచిదన్నయ్యా. మళ్ళీ ఎప్పుడైనా నిన్ను ఊ కొట్టమంటే, తీయమంటున్నది ఎవరింటి గడియో ముందు కనుక్కో."