షెల్టరు బాగుందని రాసిన చేయి

ముసలి పోలేరయ్య తుపాను షెల్టరు మెట్ల మీద చనిపోయాడు. పట్టపగలు, ఊరంతా చూస్తుండగా. తలుపుకు తాళం. లోపల కాంట్రాక్టరు నరేంద్రబాబు రొయ్యల మేత బస్తాలు. తుపాను గాలికి లేచిన రేకు ముసలాయన తలకు తగిలింది. వాగు మీది చప్టా మునిగిపోయి నెల్లూరు నుంచి అంబులెన్సు రాలేదు.

ఆ షెల్టరు ఖాళీగా ఉందని, అందులో బియ్యం, మందులు నిల్వ ఉన్నాయని రెండు నెలల ముందు రాసిచ్చింది నేను.

ఏడో తరగతి చదివానని పొదుపు సంఘానికి నన్ను లీడరును చేశారు. పది మంది సంతకాలూ నేనే చేయడం మాకు అలవాటు. వాళ్లు చేపల గంపలతో సంతకు పోతూ, నువ్వే గీకెయ్యి ఏసుమణక్కా అంటారు. ఆ రోజు నరేంద్రబాబు మనిషి కాగితం తెచ్చి, మీ అబిగయీలు మా ఆఫీసులోనే గదా పనిచేసేది అన్నాడు. అంతే. బిడ్డ ఉద్యోగం పోయినట్టు, అది పురుగుల మందు తాగినట్టు కూడా నా కళ్లకు కట్టింది. నాకు ఎప్పుడూ చెడే ముందు తోస్తుంది. పది పేర్లూ రాసేశాను, పోలేరయ్య కోడలు వాణి పేరుతో సహా.

ముసలాయన పోయిన నెలకు మండలం ఆఫీసరు ఇంకో కాగితంతో వచ్చాడు. దారులు తెగితే ఈ మండలం ఎన్నాళ్లు సొంతంగా బతకగలదో లెక్క తీస్తున్నారట. కాగితంలో ఏడు రోజులని ముందే నింపి ఉంది. షెల్టరు ముందు జనం. నా చేతికి పెన్ను ఇచ్చాడు.

రాయలేకపోయాను. పోయినసారి ఎవరికి భయపడి ఏం రాశానో అందరి ముందూ చెప్పేశాను.

వాణి లేచి వచ్చింది. “మా మామను నువ్వే చంపినావు” అంది. అప్పుడామె ఆఫీసరు వైపు తిరిగింది. “ఏడు రోజులు ఏం తిని బతకాల సారూ? రొయ్యల మేతా?”

కొందరు నవ్వారు. ఊరి పెద్ద పద్మనాభయ్య అడ్డుపడ్డాడు. నరేంద్రబాబుతో పెట్టుకుంటే ఐసు ఆపేస్తాడు, చేపలు కుళ్లిపోతాయి అన్నాడు. ఎండబెడతాం, మా అమ్మలు ఐసుతోనే బతికినారా అని మా సంఘంలోని పిచ్చమ్మ అడిగింది.

ఆడవాళ్లు ఇంటింటికీ తిరిగి లెక్క తీశారు. బియ్యం మూడు రోజులకే. మంచినీళ్ల బోరు ఒక్కటే, అదీ రొయ్యల చెరువుల వల్ల ఉప్పెక్కింది. నడవలేని వాళ్లు పద్నాలుగు మంది. నిండు నెలల వాళ్లు ఇద్దరు. అది విన్నాక తాళం పగలగొట్టారు. మేత బస్తాలు రోడ్డు మీదికి, ఇళ్లలోని బియ్యం లోపలికి.

మధ్యాహ్నానికి పోలీసు జీపు వచ్చింది. నరేంద్రబాబు ఇచ్చిన ఫిర్యాదులో నా పేరొక్కటే ఉంది. అబిగయీలు ఫోను చేస్తూనే ఉంది. ఎత్తే ధైర్యం లేక జీపెక్కాను. ఇదే నాకు తగిన చోటు అనుకున్నాను.

జీపు కదల్లేదు. చక్రం ముందు వాణి కూర్చుని ఉంది.

“మీ మామను చంపిందన్నావు గదా, ఆమె కోసమా ఇదంతా?” అన్నాడు ఎస్సై.

“ఆమెను నేనింకా క్షమించలా. ఎవురు రాయించినారో చెప్పాల్సింది మాత్రం ఆమే. ఆమెను తీసుకపోయేటట్టయితే ఆ నరేంద్రబాబును గూడా ఎక్కించు, లేస్తా.”

ఎస్సై హారను కొట్టించాడు. వాణి వెనక ఇంకో వరస వచ్చి కూర్చుంది.