సిరా ఆరేలోగా

ఆ ఇంట్లో పొద్దున లేవగానే అడిగే మొదటి మాట "ఆరిందా?" అని. అక్క నల్లసిరాతో బొమ్మలు వేస్తుంది. కొండలూ కోనలూ కాదు, ఇంట్లో సామాన్లే: గరిటె, గొడుగు, కత్తెర, చెప్పులు. ఏ వస్తువు బొమ్మ వేస్తే ఆ వస్తువు, సిరా తడి ఆరేదాకా తన పని మానేస్తుంది. కత్తెర కత్తిరించదు, గొడుగు వాన ఆపదు. ఓసారి పొయ్యి బొమ్మ మొదలెట్టి చెల్లెల్ని మధ్యాహ్నందాకా పస్తు పెట్టింది. "కాస్త చెప్పి గీయవే తల్లీ!" అని చెల్లెలు మొత్తుకుంది, అంతే.

చెల్లెలు వానాకాలంలో వచ్చింది, వాచిన మణికట్టుతో. మొగుడింటికి మళ్లీ వెళ్లనంది. అతను ఒకసారి వచ్చి తలుపు తన్ని, లోపలి గడియ ఊడగొట్టి పోయాడు. ఇవాళ మళ్లీ మెట్లమీద అతని గొంతు వినిపించింది. పైగా అతని దగ్గర ఇంటి తాళంచెవి కూడా ఉంది. మంచి రోజుల్లో మొక్కలకి నీళ్లు పోస్తాడని అక్కే ఇచ్చి, తిరిగి అడగడం మర్చిపోయింది. అందుకే ఇప్పుడు నెత్తి కొట్టుకుంటూ, గబగబా తలుపు తాళం బొమ్మ గీసింది.

పని మానేసిన తాళం తెరుచుకోలేదు; తాళంచెవి ఊరికే గిర్రున తిరిగింది.

"తాళం బొమ్మ వేశావా వదినా?" బయట మరిది నవ్వాడు. అతనికి మాత్రం తెలియదా ఏంటి! "వెయ్యి, వెయ్యి. ఎండ మండిపోతోంది. ఎంతసేపుంటుంది తడి? కూర్చుంటా."

కూర్చున్నాడు కూడా, దుర్మార్గుడు.

"పక్కవాళ్లని పిలుద్దామా అక్కా?"

"పోయినసారి పిలిచాంగా! మొగుడూపెళ్లాల గొడవ, మాకెందుకన్నారు."

అక్క గీత మీద గీత దిద్దుతూనే ఉంది. ఈ కొస తడిపేసరికి ఆ కొస ఆరిపోతోంది. సిరాబుడ్డి అడుగు కనబడుతోంది. మధ్యమధ్య తాళంచెవి కిర్రుమంటోంది.

"కాస్త పట్టు దొరికింది వదినా," అన్నాడు బయటినుంచి. "దాన్ని సామాను సర్దుకోమను."

చెల్లెలు గోడకి కరుచుకుపోయింది. ఆమె వేలికి ఇంకా పెళ్లి ఉంగరం ఉంది. తీసెయ్యవే అంటే, "తీసేస్తే వాడు మొగుడు కాకుండా పోతాడా?" అనేది. నిజమే మరి.

అక్క ఆ ఉంగరం వంకా బుడ్డి వంకా చూసింది.

"చెయ్యి ఇలా పెట్టు."

"తాళం ఆరిపోతుందక్కా!"

"ఆరనీ. ఈ ఉంగరం పనేంటే? నిన్ను వాడి పెళ్లాన్ని చెయ్యడమేగా. కదలకు!"

మిగిలిన నాలుగు చుక్కలతో అక్క కాగితంమీద ఆ ఉంగరాన్ని గుండ్రంగా గీసుకొచ్చింది. తాళం టక్కుమంది. తలుపు తెరుచుకుంది. గీత రెండు కొసలూ అప్పుడే కలిశాయి.

పిడికిలి బిగించి లోపలికొచ్చినవాడు చెల్లెలి ముందు ఆగిపోయాడు. ఆమెను చూశాడు, గది చూశాడు, చేతిలో తాళంచెవి చూసుకున్నాడు.

"క్షమించండమ్మా," అన్నాడు. "ఇల్లు పొరబడ్డట్టున్నాను. ఈ తాళంచెవి మీదేనా?"

అది బల్లమీద పెట్టి, తలుపు దగ్గరికి వేసి వెళ్లిపోయాడు. చెల్లెలు ఏడవడానికి కూడా ఆగలేదు. సిరా కొనుక్కురావడానికి చెప్పుల్లేకుండా పరుగెత్తింది.

ఇప్పుడు అక్కాచెల్లెళ్లు వంతులేసుకుని ఆ గీత దిద్దుతుంటారు. దిద్దీ దిద్దీ ఉంగరం బొమ్మ గాజంత అయింది. అప్పుడప్పుడు వీధిలో అతను చెల్లెలికి ఎదురొస్తాడు. ముఖం తెలియని ఆడమనిషికి ఇచ్చినట్టు పక్కకి తప్పుకుని దారి ఇస్తాడు.