బ్రేకు బాబాయ్ ఎడమవైపు

బస్సు డ్రైవరుగా రిటైరైన రోజున డిపోలో తోటి డ్రైవర్లూ కండక్టర్లూ కలిసి ఆయనకు వీడియో గేముల పెట్టె ఒకటి బహుమతిగా ఇచ్చారు. గోడ గడియారమో సూట్‌కేసో ఇస్తారని ఆయన భార్య టైలరమ్మ అనుకుంది. గడియారమైతే మేకుకు తగిలించి ఊరుకోవచ్చు. సూట్‌కేసైతే మంచం కిందకు తోసేయవచ్చు. ఈ పెట్టె మాత్రం ముందుగదిలో టీవీ పక్కన తిష్ఠ వేసి, ఆమె మొగుణ్ణి సోఫాకు అతికించేసింది.

ఆ ముందుగదే ఆమె దుకాణం కూడా. కిటికీ దగ్గర కుట్టుమిషను, దాని పక్కన కత్తిరింపుల బల్ల, మూలన బట్టలు వేసుకుని చూసుకునేందుకు పరదా. వీధిలో వాళ్ళ ప్యాంట్ల పొడుగులూ, కోట్ల భుజాలూ, మొరాయించిన జిప్పులూ అన్నీ ఆమె చేతి మీదుగా పోవలసిందే. ఇన్నేళ్ళూ పొద్దున వెళ్ళిన మనిషి సాయంత్రానికి గానీ ఇల్లు చేరేవాడు కాదు. ఇప్పుడు ఆమె మిషను తొక్కే వేళకే ఆయన పక్కన చేరి, చేతిలో రిమోటులాంటి దాన్ని పట్టుకుని, లేని బస్సుకు లేని ప్రయాణికుల్ని ఎక్కించుకుంటూ "లోపలికి జరగండి, లోపలికి జరగండి" అని కేకలు పెడుతున్నాడు.

డిపోలో ఆయన్ని అందరూ బ్రేకు బాబాయ్ అనేవారు. సడన్ బ్రేకు వేసి ఎవర్నీ తూలనివ్వలేదని ఆ పేరు. గేముల్లోనూ ఆయన ఆ పద్ధతి వదల్లేదు. కార్ల పందెంలో మిగతా వాళ్ళంతా దుమ్ము రేపుకుంటూ దూసుకుపోతుంటే, ఆయన బుద్ధిగా ఎర్రలైటు దగ్గర ఆగేవాడు. ప్రతిసారీ ఆఖరున వచ్చేవాడు.

"చూశావా? కారు మీద ఒక్క గీత లేదు!" అని మురిసిపోయేవాడు.

"పందెమంటే ముందు రావాలండీ."

"ముందు ఎవడైనా వస్తాడే. ముక్కలవకుండా రావాలి."

టైలరమ్మ నోట్లో గుండుసూదులు పెట్టుకుని పళ్ళు కొరుక్కునేది. వంటింట్లో కుళాయి కారుతోందంటే "ఈ బస్సు స్టాండుకు చేర్చి వస్తా" అనేవాడు. ఆ బస్సు ఎప్పటికీ స్టాండుకు చేరేది కాదు. చేరినా, అక్కణ్ణించి ఇంకో బస్సు బయల్దేరేది. బస్సు విసుగు పుడితే ఫుట్‌బాల్. ఫుట్‌బాల్ విసుగు పుడితే తోటపని. తెర మీద గుమ్మడికాయలు కాయించి వాటిని అమ్మి చెరువు తవ్వించేవాడు. పెరట్లో ఉన్న ఒక్క కరివేపాకు మొక్కకు మాత్రం చెంబెడు నీళ్ళు పోసిన పాపాన పోలేదు.

ఇక లాభం లేదనుకుని ఆమే నడుం కట్టింది. బడిపిల్లల్ని తీసుకెళ్ళే వ్యాను ఓనరు ప్యాంటు పొడుగు తగ్గించమని వచ్చినప్పుడు, కొలతలు తీస్తూనే మాట కదిపింది. ఇంత నెమ్మదస్తుడైన డ్రైవరు ఆయనకు మాత్రం ఎక్కడ దొరుకుతాడు? సోమవారం నుంచి వచ్చేయమన్నాడు. బ్రేకు బాబాయ్‌కి కూడా సంబరమే. పిల్లలంటే ఆయనకు ప్రాణం. అందరికంటే ఎక్కువ సంబరం టైలరమ్మది. సోమవారం నుంచి ముందుగది మళ్ళీ తనదవుతుందని లెక్క వేసుకుంది.

సరిగ్గా ఆ వారమే ఆయన గేముల్లో వరసగా గుద్దుకోవడం మొదలుపెట్టాడు.

కారు మీద గీత పడనివ్వని మనిషి ఇప్పుడు దీపస్తంభాల్ని కూలుస్తున్నాడు. బస్సును పేవ్‌మెంటు ఎక్కిస్తున్నాడు. "ఇది ఎడమకు లాగుతోందే. కొత్తది కదా, ఇంకా కుదురుకోలేదు" అని పెట్టెను తిట్టాడు. చేతిలోని రిమోటు మార్చాడు. సోఫాను జరిపాడు. జరిపిన సోఫా వచ్చి ఆమె కత్తిరింపుల బల్లకు ఆనుకుంది.

"రేపట్నుంచి నా ఒళ్ళో కూర్చుని ఆడుకోండి!" అంది ఆమె.

అప్పుడే గౌను సరిచేయించుకుందామని వచ్చిన టీచరమ్మ పరదా పక్కన నిలబడి టీవీ చూస్తోంది. ఉన్నట్టుండి నవ్వింది.

"బాబాయ్‌గారూ, అంత పెద్దావిడ చెయ్యి ఊపుతుంటే ఆపకుండా వెళ్ళిపోయారేంటి?"

"ఏ పెద్దావిడ?"

"అదిగో, స్టాపులో. ఎడమ పక్కన."

"అక్కడెవరూ లేరే!" అన్నాడు ఆయన. నిజంగానే ఆశ్చర్యపోయాడు.

టైలరమ్మ తలెత్తి చూసింది. తెర మీద, ఎడమవైపు, ఎర్ర కోటు వేసుకున్న బొమ్మ చెయ్యి ఊపుతూనే ఉంది. ఈయన వేళాకోళం ఆడుతున్నాడనుకుంది. మనసులో ఇంకో తిట్టు తిట్టుకుని, గౌను అంచు పట్టుకుంది.

మర్నాడు మధ్యాహ్నం టీ గ్లాసు తీసుకొచ్చి ఆయన ఎడమ పక్క బల్ల మీద పెట్టింది. "ఇదిగో, ఇక్కడ పెట్టా" అని చెప్పింది కూడా. ఆయన ఫుట్‌బాల్ ఆడుతూ "గోలు!" అని చెయ్యి విసిరాడు. గ్లాసు ఎగిరి, సాయంత్రానికి ఇవ్వాల్సిన బూడిదరంగు కోటు మీద బోర్లా పడింది.

టైలరమ్మ సహనం అక్కడితో సరి.

"కళ్ళు నెత్తికెక్కాయా? కళ్ళెదుట పెడితే కనపళ్ళేదా? ఏమైంది మీ కళ్ళకి?"

ఆ ఆఖరు మాట ఆమెకే తగిలింది. తడిసిన కోటు చేత్తో పట్టుకుని అలాగే నిలబడిపోయింది.

మొన్న వంటింటి గుమ్మానికి భుజం కొట్టుకున్నాడు. ఎడమ భుజమే. నిన్న పళ్ళెంలో సగం అన్నం వదిలేసి "ఇంకొంచెం పెట్టవే" అన్నాడు. గేముల పిచ్చి నెత్తికెక్కిందనుకుని కసురుకుంది. తెర మీద ఆయన తోటను చూసింది. కుడివైపు గుమ్మడిపాదులు పచ్చగా ఉన్నాయి. ఎడమవైపు వరసలు నీళ్ళు లేక ఎండిపోయి ఉన్నాయి.

కోటు కుర్చీ మీద పడేసి, వచ్చి ఆయన ఎడమ పక్కన, చెయ్యి చాపితే తగిలేంత దగ్గర్లో నిలబడింది. మెడలోని కొలతల టేపు తీసి పైకెత్తి పట్టుకుంది.

"ఏవండీ, తల తిప్పకండి. టీవీ వైపే చూస్తూ చెప్పండి. నా చేతిలో ఏముంది?"

ఆయన నవ్వాడు. "అసలు నువ్వెక్కడున్నావే?"

ఆమె టేపు దించి, పోయి టీవీ ఆపేసింది.

డాక్టరు దగ్గరికి పదండంటే ససేమిరా అన్నాడు. సోమవారం డ్యూటీ ఎక్కాల్సిన వాణ్ణి పట్టుకుని గుడ్డివాణ్ణి చేస్తావా అని ఎగిరాడు. బతిమాలింది, లాభం లేకపోయింది. అరిచింది, అయినా కదల్లేదు. చివరికి పెట్టె వెనకనుంచి వైరు పీకి, చుట్ట చుట్టి తన చేతిసంచిలో పడేసుకుంది.

"వైరు కావాలంటే నా వెనకాల రండి" అని చెప్పులేసుకుంది.

కళ్ళ డాక్టరు చిన్నపిల్లలా ఉంది. ఆయనకెదురుగా కూర్చుని "నా ముక్కు వైపే చూడండి, నా వేలు కదిలినప్పుడు చెప్పండి" అంది. కుడి చెయ్యో ఎడమ చెయ్యో, వరసగా ఎత్తుతోంది.

"కదిలింది" అన్నాడాయన. "ఆఁ, కదిలింది."

తర్వాత ఆయన ఎడమవైపు ఉన్న చెయ్యి లేచింది. వేలు ఊగింది. ఊగుతూనే ఉంది. ఆయన మాత్రం పరీక్షలో ప్రశ్న కోసం ఎదురుచూసే పిల్లాడిలా, చిన్నగా నవ్వుతూ, డాక్టరు ముక్కువైపే చూస్తూ కూర్చున్నాడు. ఒక్కో కన్నూ మూయించి చూసినా రెండు కళ్ళతోనూ ఒకటే తంతు. గోడ పక్కన నిలబడ్డ టైలరమ్మ కొంగు నోటికడ్డం పెట్టుకుంది.

లోపం కళ్ళలో లేదు. మెదడులో ఒక సన్నని రక్తనాళం మూసుకుపోయిందనీ, దాంతో చూపు ఎడమ సగం పోయిందనీ పెద్దాసుపత్రిలో స్కాను తీశాక తేలింది. నొప్పి ఉండదట. తమకు కనపడటం లేదని చాలామందికి తెలియను కూడా తెలియదట. ఇప్పుడైనా వచ్చారు కాబట్టి ఇంకోటి రాకుండా మందులిస్తామన్నారు. పోయిన చూపు కొంత రావచ్చు, రాకపోవచ్చు. బండి మాత్రం ముట్టుకోకూడదు.

ఆసుపత్రి వరండాలో బెంచీ మీద కూర్చుని ఆమె వ్యాను ఓనరుకు ఫోను చేసి విషయం చెప్పింది. పెట్టేశాక, అంతసేపూ నేలచూపులు చూస్తున్న ఆయన అడిగాడు.

"ఆ వ్యానుకి పిల్లలెక్కే తలుపు ఏ పక్కుంది?"

ఆమెకు అబద్ధం చెబుదామనిపించింది. కానీ చెప్పలేకపోయింది.

"ఎడమ పక్కే."

 ఆయన చేత్తో తడుముకుంటూ పక్కనున్న ఆమె మోచెయ్యి వెతికి పట్టుకున్నాడు.  

ఇంటికొచ్చాక ఆయన కొన్నాళ్ళు ఆ పెట్టె వైపు చూడలేదు. గోడ వైపు తిరిగి పడుకునేవాడు. ఏ గొడవ లేని ముందుగది కావాలని మొక్కుకున్న టైలరమ్మకు ఆ నిశ్శబ్దంలో మిషను తొక్కబుద్ధి కాలేదు. కళ్ళ డాక్టరు చెప్పిన మాట గుర్తుచేసింది. మాటిమాటికీ తల ఎడమకు తిప్పి చూడటం అలవాటు చేసుకోవాలి, ఎలాగైనా సరే. వైరు తీసుకొచ్చి ఆమే తగిలించింది. రెండుసార్లు తప్పు కన్నంలో దూర్చింది.

"అలా కాదే, ఇటివ్వు!" అంటూ లేచాడు.

అంతే, మళ్ళీ మొదలు. కాకపోతే ఇప్పుడు ఆమెకు కూడా డ్యూటీ పడింది. మిషను తొక్కుతూ ఓ కన్ను తెర మీద వేసి ఉంచాలి. "ఎడమ!" అని అరవాలి. ఆయన తల తిప్పాలి. తిప్పకపోతే ఇంకా గట్టిగా అరవాలి. ట్రయల్‌కు వచ్చిన వాళ్ళు పరదా లోపలినుంచి "ఎడమ, బాబాయ్, ఎడమ!" అని గొంతు కలిపేవాళ్ళు. నెమ్మదిగా దీపస్తంభాలు నిలబడటం మొదలైంది. ఒక్కోరోజు ఒక్కటీ పడేది కాదు. ఇంకోరోజు వీధంతా నేలమట్టం.

"నేను అరవలేను బాబూ! గొంతు పోతోంది" అని ఆమె విసుక్కునేది.

"నువ్వు అరవకపోతే జనం చస్తారే!"

ఒక సాయంత్రం వ్యాను ఓనరు ఆమె దగ్గర పొడుగు తగ్గించుకున్న ఇంకో ప్యాంటు పట్టుకుని వచ్చాడు. వేసుకుని చూసుకుంటే ఒక కాలు పాదానికి ఉంది, ఒక కాలు పిక్కకు ఉంది. టైలరమ్మ టేపు పెట్టి చూసి తల పట్టుకుంది. ఇన్నేళ్ళలో అలాంటి పొరపాటు ఎరగదు. అరుపుల ధ్యాసలో పడి ఒక కాలును రెండుసార్లు మడిచి కుట్టేసింది.

"పొట్టయింది ఏ కాలు?" అని సోఫాలోంచి అడిగాడు బ్రేకు బాబాయ్.

"ఎడమది" అన్నాడు వ్యాను ఓనరు.

ఆయన గేము ఆపి, తల మొత్తం తిప్పి, పెళ్ళాం వైపు తీరిగ్గా చూశాడు.

"పద, నిన్ను కూడా ఆ డాక్టరు దగ్గరికి తీసుకెళ్తా."

టైలరమ్మ చేతికందిన దిండు తీసి ఆయన మీదకు విసిరింది. అది ఎడమవైపు నుంచి వెళ్ళింది. ఆయన పట్టుకోలేకపోయాడు. ముఖానికి తగిలాక మాత్రం పడీ పడీ నవ్వాడు.