తేలిన రాయి

ఆ పెట్టె మూత తీసినప్పుడల్లా బెత్సీ టీచరు ముక్కు మూసుకునేది. ప్లాస్టిక్ కంపు, దాని మీద రంగు కంపు. ఆబిడ్స్ సందులోని ఆ బడికి ఈ ఏడే కొన్న సైన్సు కిట్టు అది. రెండో తరగతి పిల్లలు వస్తువులను పట్టుకుని చూసి, ఏది బరువు, ఏది తేలిక, ఏది నునుపు, ఏది గరుకు, ఏది నీళ్లలో మునుగుతుంది అని రాయాలట. పెట్టెలో చెంచా ప్లాస్టిక్, చెక్కముక్క ప్లాస్టిక్, ఆఖరికి రాయి కూడా ప్లాస్టిక్కే! పైన బూడిదరంగు, లోపల డొల్ల. పిల్లల చేతుల్లో నలిగి జిడ్డు కూడా పట్టింది.

మంగళవారం పరీక్షలో ముప్ఫై మంది పిల్లలు ఆ రాయిని వేలితోనైనా ముట్టకుండా 'బరువు, మునుగును' అని రాసి పారేశారు. స్వర్ణ ఒక్కతే దాన్ని అరచేతిలో ఎగరేసి చూసింది, నీళ్ల తొట్టిలో వేసి చూసింది, 'తేలిక, తేలును' అని రాసింది.

"గిది రాయి కాదు టీచర్, ఉత్త డొల్ల. మా నాయిన షాబాద్ బండలు పరుస్తడు, నాకెర్కలేదా?" అంది.

బెత్సీకి ఆ పిల్లను ముద్దు పెట్టుకోవాలనిపించింది. రైట్ కొట్టింది.

సాయంత్రం ఇన్‌చార్జి లక్ష్మణరావు పేపర్లు తిరగేశాడు. కాగితం కాగితానికీ వేలు నాలుక మీద అద్దుకోవడం ఆయన అలవాటు. ఆ తడి వేలు స్వర్ణ జవాబు మీద ఆగింది.

"ఏంది మేడం గిది? జవాబుల కీ ల 'మునుగును' అని ఉన్నది గద."

"తేలింది సార్. నేను చూసిన."

"మీరు చూసినదానికి మార్కులేస్తమా? కీ చూసి వెయ్యాలె. శనివారం పేరెంట్స్ ముందట పిల్లలు చేసి చూపియ్యాలె. మీ ప్రొబేషన్ గీ నెలతోని అయిపోతది, జర సోంచాయించుండ్రి."

బెత్సీ ఎర్ర పెన్నుతో రైట్ మీద ఇంటూ కొట్టింది. ఆ ఎంగిలి తడికి సిరా అలుక్కుపోయింది. ఛీ, ఇదేం బతుకు అని తన మీద తనకే రోత పుట్టింది. మర్నాడు స్వర్ణ పేపరు పట్టుకొచ్చి తప్పెందుకని అడిగితే, "కీ ల గట్లనే ఉంది బిడ్డా" అని తల దించుకుంది.

శుక్రవారం ఇంటికి పోతూ నాంపల్లి స్టేషన్ దగ్గర తవ్విపోసిన రోడ్డు పక్కన గుప్పెడంత రాయి ఒకటి ఏరింది. హ్యాండ్‌బ్యాగులో వేసుకుంటే భుజం లాగేసింది. అదీ రాయి అంటే! రేపు స్టేజీ మీద స్వర్ణ చేతికి ఇదే ఇస్తాను, ఎవడేమంటాడో చూస్తాను అనుకుంది.

శనివారం లక్ష్మణరావు స్టేజీ మెట్ల దగ్గరే నిలబడ్డాడు. "కిట్టు కంపెనోళ్లు వీడియో తీస్తున్రు. కిట్టుల ఉన్నయే చూపియ్యాలె." బెత్సీ చెయ్యి బ్యాగులో రాయి మీదే ఉంది. బయటికి తీయలేదు.

స్వర్ణ బూడిదరంగు రాయిని గాజు తొట్టిలో వదిలింది. అది అందరి కళ్లముందూ తేలుతూ గుండ్రంగా తిరిగింది. పిల్ల దానివంక చూస్తూనే మైకులో అప్పజెప్పింది.

"రాయి బరువు. రాయి నీళ్లలో మునుగును."

చప్పట్లు మోగాయి. వెనక వరసలో స్వర్ణ తండ్రి బాలమల్లు ముందు తొట్టిని, తర్వాత చుట్టూ ఉన్నవాళ్లను చూశాడు. సిమెంటుకు పగిలిన ఆ చేతులు కూడా మెల్లగా చప్పట్లు కొట్టాయి.

స్వర్ణ పరుగున దిగి వచ్చింది. "సరిగ్గ చెప్పిననా టీచర్?"

బెత్సీ బ్యాగులోంచి నాంపల్లి రాయి తీసి ఆ చిన్న చేతిలో పెట్టింది. చెయ్యి ఒక్కసారిగా కిందికి జారింది.

"ఇది చెప్పు బిడ్డా. బరువా, తేలికా?"

స్వర్ణ రాయి వంక చూడనే లేదు. టీచరు మొహంలోకి చూసింది.

"కీ ల ఏమున్నది టీచర్?"